సీఎన్‌సీ మెషీనింగ్: విడిభాగం అవసరం నుంచి యంత్రం దాకా

ఒకే ఒక్క భాగాన్నో, పదీ ఇరవై భాగాల చిన్న ఆర్డరునో అడిగినవాళ్ల కొలతలకు తగ్గట్టు లోహంలోనో ప్లాస్టిక్‌లోనో కోసి ఇచ్చే పనిని మన పారిశ్రామికవాడల్లో జాబ్ వర్క్ అంటారు. ఆ కోతను కంప్యూటర్ ఆజ్ఞలతో నడిచే లేత్ గానీ మిల్లింగ్ యంత్రం గానీ చేస్తే అది సీఎన్‌సీ జాబ్ వర్క్. దుకాణంలో దొరికే బోల్టుకూ బేరింగుకూ తయారీ ప్రణాళిక ఏనాడో సిద్ధమై ఉంటుంది. ఆర్డరు మీద చేసే భాగానికి మాత్రం ప్రతిసారీ కొత్తగా వేసుకోవాలి. ఏ లోహం వాడాలి, ఏ కొలతకు ఎంత కచ్చితత్వం కావాలి, కోతకు పెట్టిన ముక్కను, అంటే జాబును, ఏ ముఖం మీద ఆనించి పట్టాలి, ఎన్నిసార్లు తిప్పి బిగించాలి, ఏ యంత్రం మీద ఏ టూలుతో కోయాలి, చివరికి దేనితో కొలవాలి అన్నవి తేలాకే ప్రోగ్రాం రాయడం. ఆ భాగం ఎక్కడ బిగుస్తుందో, ఎంత బరువు మోస్తుందో, పక్కన దేనికి తగులుతుందో తెలిస్తే వీటిలో సగం ప్రశ్నలు వాటంతటవే తేలిపోతాయి. తెలియకపోతే ఎంత ఖరీదైన యంత్రమున్నా పని ఊహ మీదే నడుస్తుంది.

భాగాల అవసరాల్లోంచి పుట్టిన పద్ధతులు

సంఖ్యా నియంత్రణ పద్ధతి పుట్టిందే ఒక మొండి భాగం వల్ల. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, ట్రావర్స్ సిటీలో జాన్ పార్సన్స్ సంస్థ హెలికాప్టర్ రోటార్ రెక్కలు తయారుచేసేది. రెక్క అడ్డుకోత వంపును సరిచూసుకునే అచ్చురేకులను చేతితో గీసి, ఆకురాయితో రుద్ది చేసేవారు. ఫ్రాంక్ స్టూలెన్‌తో కలిసి పార్సన్స్ ఆ వంపు మీది బిందువులను ఐబీఎం పంచ్‌కార్డు యంత్రాలతో లెక్క కట్టించి, మిల్లింగ్ యంత్రం టూలును ఒక్కో బిందువు దగ్గరికీ తీసుకెళ్లి దించే దారి పట్టాడు. 1949లో అమెరికా వైమానిక దళం దానికి డబ్బిచ్చింది. పని ఎంఐటీలోని సర్వోమెకానిజమ్స్ లేబొరేటరీకి చేరింది. 1952లో అక్కడ ఒక సిన్సినాటి హైడ్రోటెల్ మిల్లింగ్ యంత్రం, చిల్లుల కాగితపు టేపు చెప్పినట్టు మూడు అక్షాల్లో కదిలింది.

డ్రాయింగు మీద రంధ్రాల స్థానాన్ని చెప్పే పద్ధతి కూడా ఇలాగే వచ్చింది. స్కాట్లాండ్‌లోని అలెగ్జాండ్రియా టార్పెడో కర్మాగారంలో పనిచేసిన స్టాన్లీ పార్కర్, తనిఖీలో తోసేసిన భాగాలు కొన్ని నిజానికి యంత్రంలో చక్కగా అమరుతున్నాయని 1930ల చివర్లో గమనించాడు. తప్పు భాగానిది కాదు, డ్రాయింగుది. రంధ్రం మధ్యబిందువు అడ్డంగా 0.1, నిలువుగా 0.1 మిల్లీమీటరు ఇటూ అటూ పోవచ్చంటే, అనుమతించిన చోటు చదరమవుతుంది. ఆ చదరం మూల, కేంద్రం నుంచి 0.14 దూరంలో ఉంటుంది. మూలకు పోయిన రంధ్రంలో బోల్టు దూరుతున్నప్పుడు, అంతే దూరం నేరుగా పక్కకు పోయినదాంట్లోనూ దూరుతుంది. కాబట్టి ఆ చదరం చుట్టూ గీసిన వృత్తమే అసలు హద్దు. ఆ వృత్తం వైశాల్యం చదరం కంటే 57 శాతం ఎక్కువ. బోల్టు అవసరాన్ని ఏమాత్రం తగ్గించకుండానే తయారీదారుకు అంత వెసులుబాటు దొరికింది. ఇవాళ అమెరికా ప్రమాణం ఏఎస్ఎంఈ వై14.5లోనూ ఐఎస్ఓ ప్రమాణాల్లోనూ కనిపించే స్థాన టాలరెన్స్‌కు మూలం ఇదే.

మూడోది కొలతకు సంబంధించింది. కాంకార్డ్ విమానపు ఒలింపస్ ఇంజన్‌లోని సన్నని ఇంధన గొట్టాలను గట్టి ముల్లుతో కొలిస్తే తగిలిన ఒత్తిడికే అవి వంగేవి. దానికి జవాబుగా రోల్స్‌రాయిస్‌లో డేవిడ్ మెక్‌ముర్ట్రీ, తాకీ తాకగానే సంకేతమిచ్చే ప్రోబ్‌ను తయారుచేశాడు. 1973లో దాని మీదే రెనిషా సంస్థ మొదలైంది. ఇప్పుడు అదే రకం ప్రోబ్ సీఎన్‌సీ యంత్రం స్పిండిల్‌లోనే కూర్చుని, జాబు ఎక్కడుందో తానే వెతుక్కుంటుంది.

డ్రాయింగును చదవడం

త్రీడీ మోడల్ ఫైలు పంపితే చాలు, పని అయిపోతుందనుకునే కస్టమర్లు చాలామంది ఉంటారు. మోడల్ చెప్పేది ఆకారం, నికర కొలత మాత్రమే. టాలరెన్స్‌లను మోడల్‌లోనే పొందుపరిచే పద్ధతి ఒకటి ఉన్నా, చిన్న షాపుల దాకా అది ఇంకా పెద్దగా రాలేదు. 47 మిల్లీమీటర్ల రంధ్రం 47.02 అయితే పనికొస్తుందా, 47.2 అయినా ఫరవాలేదా అన్నది మోడల్‌లో కనిపించదు. ఆ తేడా పక్కన పెట్టిన టూడీ డ్రాయింగులో ఉంటుంది. అందులోనూ లేకపోతే కస్టమర్‌ను అడిగి తెలుసుకోవాలి.

ఆ 47 ఊరికే తీసుకున్న అంకె కాదు. 6204 బాల్ బేరింగు ప్రపంచంలో ఎవరు చేసినా లోపలి వ్యాసం 20, బయటి వ్యాసం 47, వెడల్పు 14 మిల్లీమీటర్లే. దాన్ని మోసే అల్యూమినియం హౌసింగ్ ఒకటి ఆర్డరు మీద చేయాలనుకుందాం. కింద బేస్, దాన్ని ఫ్రేముకు బిగించే నాలుగు ఎం6 బోల్టుల రంధ్రాలు, బేస్ నుంచి 40 మిల్లీమీటర్ల ఎత్తులో బేరింగు కూర్చునే బోరు, బోరు చివర బేరింగు ఆనే మెట్టు. ప్రణాళిక వేసేవాడు ముందుగా ఈ హౌసింగ్ ఏం పని చేస్తుందో చూస్తాడు. బేరింగు బయటి రింగు బోరులో సరిగ్గా కూర్చోవాలి. షాఫ్టు ఫ్రేముకు సమాంతరంగా నడవాలి. మెట్టు బోరుకు లంబంగా ఉండాలి, లేకపోతే బేరింగు వంకరగా కూర్చుని త్వరగా అరుగుతుంది. బోల్టు రంధ్రాలు 6.6 వ్యాసంతో వదులుగా ఉంటే చాలు. పక్క గోడలు గాలికే తగులుతాయి కనుక వాటి కొలత అర మిల్లీమీటరు అటూ ఇటూ పోయినా అడిగేవాళ్లుండరు.

బోరుకు ఐఎస్ఓ 286 ప్రకారం హెచ్7 రాస్తే, 47.000 నుంచి 47.025 వరకు ఏదైనా ఒప్పుకోవచ్చు. మన దేశంలో ఇదే పద్ధతికి ఐఎస్ 919 ప్రమాణముంది. చాలా డ్రాయింగులు హెచ్7తోనే ఆగిపోతాయి. హౌసింగ్ అల్యూమినియం, బేరింగు ఉక్కు అన్న సంగతి అప్పుడు మరుగున పడుతుంది. అల్యూమినియం ఒక డిగ్రీ వేడికి మీటరుకు 23 మైక్రాన్లు పెరుగుతుంది. ఉక్కు పెరిగేది సుమారు 12 మైక్రాన్లు. నడిచేటప్పుడు హౌసింగ్ 50 డిగ్రీలు వేడెక్కితే 47 మిల్లీమీటర్ల బోరు బేరింగు కంటే దాదాపు 26 మైక్రాన్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు బాగా అమరిన బేరింగు వేడిలో వదులై, బయటి రింగు బోరులోనే జారి తిరగడం మొదలుపెడుతుంది. అలాంటిచోట డిజైనర్లు బోరును ఇంకా బిగువుగా, ఎన్7 లాంటి హద్దుల్లో, అంటే 46.967 నుంచి 46.992 వరకు అడుగుతారు. టాలరెన్స్ వెడల్పు అదే 25 మైక్రాన్లు, దాని స్థానం మారింది. మెషీనింగ్ ఖర్చు కూడా మారలేదు. భాగం పనిచేసే వేడిని ఎవరో ఒకరు అడిగి ఉండాలి, అంతే.

ముఖ్యంకాని కొలతలకు ఐఎస్ఓ 2768 మధ్యస్థ తరగతి సాధారణ హద్దులు సరిపోతాయి. 6 నుంచి 30 మిల్లీమీటర్ల కొలతకు ±0.2, 30 దాటి 120 వరకు ±0.3. డ్రాయింగు మూలన ఒక్క ముక్క రాస్తే ఇవన్నీ వర్తిస్తాయి. బదులుగా, ఏది ముఖ్యమో తేల్చుకోలేక డ్రాయింగు మొత్తానికీ ±0.02 వేసేసే అలవాటు మన పరిశ్రమలో గట్టిగా పాతుకుపోయింది. అది జాగ్రత్తలా కనిపిస్తుంది గానీ, అసలు జాగ్రత్త పడాల్సిన రెండు కొలతలనూ మిగతా నలభై కొలతల మందలో కలిపేస్తుంది. ఆపరేటర్ అన్నిటినీ సమానంగా అనుమానించాలి, ఇన్‌స్పెక్టర్ అన్నిటినీ కొలవాలి, బిల్లు మాత్రం అన్నిటికీ కలిపి వస్తుంది.

ఆనే ముఖం, బిగించే తీరు

స్వేచ్ఛగా ఉన్న వస్తువుకు ఆరు కదలికలుంటాయి. మూడు దిక్కుల్లో జరగడం, మూడు అక్షాల చుట్టూ తిరగడం. పెద్ద ముఖం కింద మూడు బిందువులు, పక్క ముఖానికి రెండు, చివరి ముఖానికి ఒకటి ఆనిస్తే ఆరూ ఆగిపోతాయి. ఫిక్స్‌చర్ విద్యకంతటికీ మూలమైన 3-2-1 సూత్రం ఇదే. నాలుగో ఆనింపు కింద పెడితే జాబు కుర్చీ కాళ్లలో ఒకటి పొట్టిదైనట్టు ఊగుతుంది. బిగిస్తే ఊగదు, వంగుతుంది. వదిలాక వంపు తిరిగి బయటపడుతుంది.

ఏ ముఖాలు ఆనించాలన్నది డ్రాయింగులోని డేటమ్‌లు, అంటే కొలతలకు ఆధారమైన ముఖాలు, చెప్పాలి. మన హౌసింగ్‌కు బేస్ ముఖమే మొదటి డేటమ్, ఎందుకంటే ఫ్రేము మీద అది కూర్చునేది ఆ ముఖం మీదే. కనుక మొదటి సెట్టింగ్‌లో ముడి దిమ్మను వైస్‌లో పట్టి బేస్ ముఖాన్ని చదును చేస్తారు, బోల్టు రంధ్రాలు అప్పుడే వేస్తారు. రెండో సెట్టింగ్‌లో ఆ బేస్ ముఖాన్ని వైస్ కదలని దవడకు ఆనించి, బోరు అక్షం పైకి చూసేలా నిలబెడతారు. వర్టికల్ మెషీనింగ్ సెంటర్ మీద, అంటే మన షాపుల్లో వీఎంసీ అనేదాని మీద, ఆ స్థితిలో పై ముఖం, బోరు, మెట్టు ఒకేసారి కోస్తారు. ఒకే బిగింపులో కోసిన ముఖాల మధ్య లంబత్వం, ఏకాక్షత యంత్రం కచ్చితత్వం మీదే ఆధారపడతాయి. జాబును తిప్పి మళ్లీ బిగించిన ప్రతిసారీ ఆ బిగింపు తప్పు కూడా తోడవుతుంది. అందుకే ఒకదానికొకటి సంబంధమున్న కొలతలను ఒకే సెట్టింగ్‌లో ముగించాలని ప్రణాళిక చూస్తుంది. అదే హౌసింగ్‌ను స్పిండిల్ అడ్డంగా ఉండే హెచ్‌ఎంసీ మీద చేస్తే బేస్ మీదే కూర్చోబెట్టి, బల్లను తిప్పి, రెండు పక్కలా ఒకే బిగింపులో కోయవచ్చు. అక్కడ యంత్రం గంట ధర ఎక్కువ. ఐదు భాగాలకు అది దండగ, రెండు వేల భాగాలకు లాభం.

పలచని రింగుల్లాంటి భాగాలు ఈ విషయంలో బాగా మోసం చేస్తాయి. మూడు దవడల చక్‌లో పలచటి రింగును గట్టిగా పట్టి లోపలి వ్యాసం తిప్పితే, చక్‌లో ఉన్నంతసేపూ బోరు గుండ్రంగానే ఉంటుంది. వదలగానే గోడలు మునుపటి ఆకారానికి వస్తాయి, బోరు మూడు పక్కలుగా ఉబ్బుతుంది. ఇంకో చిక్కేమిటంటే, అలాంటి మూడుబ్బుల ఆకారాన్ని ఎదురెదురు బిందువుల మధ్య కొలిచే మైక్రోమీటరు పట్టుకోలేదు. ఏ దిక్కున కొలిచినా వ్యాసం ఒకటే వస్తుంది. భాగం తనిఖీ దాటిపోయి, బేరింగు మాత్రం మొరాయిస్తుంది. మూడు బిందువుల బోర్ మైక్రోమీటరు గానీ, గుండ్రదనం కొలిచే యంత్రం గానీ దీన్ని చూపిస్తుంది. ముందుజాగ్రత్తగా ఆ జాబు వ్యాసానికి తగ్గట్టు కోసుకున్న మెత్తని దవడలతో (సాఫ్ట్ జాస్) చుట్టూ విస్తారంగా పట్టడం, లేదా పక్కల నుంచి నొక్కకుండా పైనుంచి అదమడం మంచిది.

లోహంలో దాగిన ఒత్తిళ్లు కూడా ఇలాంటి దొంగ దెబ్బే తీస్తాయి. రోలింగ్‌లోనూ వేడిచేసి చల్లార్చడంలోనూ దిమ్మలో బిగుసుకున్న ఒత్తిడి, ఒక పక్క లోహం తీసేయగానే సమతూకం తప్పి జాబును వంచుతుంది. సాగదీసి ఒత్తిడి తగ్గించిన టీ651 స్థితి అల్యూమినియం ప్లేటు కొనడం కొంత మేలు. మిగతాది క్రమంలో ఉంది. రెండు వైపులా ముందు రఫ్‌గా కోసి, అర మిల్లీమీటరో ఒక మిల్లీమీటరో వదిలి, బిగింపు విప్పి, వంగేదేదో వంగనిచ్చి, తర్వాత తేలికగా పట్టి ఫినిషింగ్ చేయడం. గడువు తరుముతుంటే మొదట ఎగిరిపోయేది ఈ విప్పి మళ్లీ పట్టే మెట్టే.

లోహం, టూలు, ఆకారం

పదార్థం ఎంపికలో బలం ఒక్కటే చూస్తే సరిపోదు. 6061 అల్యూమినియం మెత్తగా కోతకు లొంగుతుంది, వేడిని త్వరగా పంచేస్తుంది. 7075 బలంలో సాధారణ ఉక్కుతో పోటీపడుతుంది కానీ తుప్పును తట్టుకోవడంలోనూ వెల్డింగ్‌లోనూ వెనకే. షాఫ్టులకూ గేర్లకూ మన దగ్గర ఈఎన్8, ఈఎన్19, ఈఎన్24 ఉక్కులు ఎక్కువగా నడుస్తాయి. గట్టిపరచాల్సిన భాగమైతే రఫ్ కోత, హీట్ ట్రీట్‌మెంట్, తర్వాత గ్రైండింగ్ అన్న వరస ముందే రాసుకుని, గ్రైండింగ్‌కు రెండు మూడు పదుల మైక్రాన్ల లోహం కాక, హీట్ ట్రీట్‌మెంట్‌లో వచ్చే వంపు కూడా పోయేంత, అంటే 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు వదలాలి. 304 స్టెయిన్‌లెస్ స్టీలుకు, టూలు రుద్దుకునేకొద్దీ పైపొర గట్టిపడుతుంది. భయపడుతూ సన్నగా కోస్తే ఇంకా గట్టిపడుతుంది కాబట్టి ధైర్యంగా లోతుకు కోయాల్సిందే. టైటానియం మిశ్రమం వేడిని పంచే శక్తి 6061తో పోలిస్తే ఇరవయ్యో వంతు కూడా ఉండదు. పుట్టిన వేడంతా టూలు మొనకే చేరుతుంది. డెల్రిన్ లాంటి ప్లాస్టిక్‌లు కోయడానికి హాయిగా ఉన్నా, అల్యూమినియం కంటే నాలుగైదు రెట్లు వ్యాకోచిస్తాయి. నైలాన్ తేమ పీల్చుకుని కూడా ఉబ్బుతుంది. వాటి మీద 10 మైక్రాన్ల టాలరెన్స్ అడగడంలో అర్థం లేదు.

వేగాల లెక్క పాఠ్యపుస్తకాల్లో పెద్ద అధ్యాయం. నిజానికి అది ప్రణాళికలో సులువైన భాగం. 10 మిల్లీమీటర్ల టూలుతో నిమిషానికి 150 మీటర్ల కోత వేగం కావాలంటే, 150ని 1000తో గుణించి పై (π) రెట్లు 10తో భాగిస్తే నిమిషానికి సుమారు 4,775 చుట్లు వస్తాయి. నాలుగు పళ్లు, పంటికి 0.05 మిల్లీమీటరు చొప్పున ముందుకు జరపాలంటే నిమిషానికి 955 మిల్లీమీటర్లు. టూలు తయారీదారు క్యాటలాగు ఈ అంకెలిస్తుంది. టూలు ఆయుష్షు వేగానికి ఎంత త్వరగా లొంగుతుందో ఎఫ్.డబ్ల్యు. టేలర్ 1906లోనే చూపాడు. కార్బైడ్ టూళ్లలో వేగాన్ని ఐదో వంతు పెంచితే ఆయుష్షు దాదాపు సగానికి పడిపోవచ్చు. పది భాగాల ఆర్డరులో ఈ పొదుపు ఎవరికీ పట్టదు. పదివేల భాగాల్లో పడుతుంది.

ఆకారం మాత్రం పది భాగాల్లోనూ బాధిస్తుంది. తిరిగే టూలు గుండ్రంగా ఉంటుంది కాబట్టి లోపలి మూల నిటారు చదరంగా రాదు. తప్పదంటే వైర్‌కట్ యంత్రానికో స్పార్క్ ఎరోజన్‌కో పంపాలి. 30 మిల్లీమీటర్ల లోతు గుంతకు మూల వ్యాసార్ధం 3 అడిగితే 6 మిల్లీమీటర్ల టూలు తన వ్యాసానికి ఐదు రెట్లు బయటికి పొడుచుకుని పనిచేయాలి. అదే మూల 5.5కు పెంచితే 10 మిల్లీమీటర్ల టూలు మూడు రెట్లతో సరిపెట్టుకుంటుంది. అదే పొడవుకు టూలు వంగడం వ్యాసం నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది కనుక, రెండో టూలు మొదటిదాని కంటే దాదాపు ఏడెనిమిది రెట్లు గట్టిది. గుంత గోడ నేరుగా వస్తుంది, కంపనం గీతలు పడవు, సమయం తగ్గుతుంది. డిజైనర్‌కు ఆ రెండున్నర మిల్లీమీటర్లు ఏ ఉపయోగమూ లేనివైతే ఫోన్ చేసి అడిగినందుకు ఇద్దరికీ లాభమే. లోతైన సన్నని ట్యాప్ రంధ్రాలూ, ఒక మిల్లీమీటరు లోపు పలచని గోడలూ ఇదే కోవలోకి వస్తాయి.

ఉపరితలం నునుపు అడిగేటప్పుడు కూడా కారణం కావాలి. గరుకును చెప్పే అంకె ఆర్ఏ. అది 3.2 మైక్రాన్లు మామూలు మిల్లింగ్‌కే వస్తుంది. 0.8 కావాలంటే ఫీడు తగ్గించాలి. 0.4కూ అంతకు కిందికీ సాధారణంగా గ్రైండింగే దారి. లేత్ మీద 0.4 మిల్లీమీటర్ల మొన వ్యాసార్ధమున్న ఇన్సర్ట్‌తో చుట్టుకు 0.1 మిల్లీమీటరు ఫీడు ఇస్తే లెక్క ప్రకారం ఆర్ఏ 0.8కి దగ్గరగా వస్తుంది. ఫీడు రెట్టింపు చేస్తే గరుకు నాలుగు రెట్లవుతుంది. ఆయిల్ సీలు తగిలే షాఫ్టుకు ఈ అంకెలు కావాలి, బయటి మూతకు అక్కర్లేదు.

పూతలను చాలామంది చివర్లో గుర్తుచేసుకుంటారు. అనోడైజింగ్ పొరలో దాదాపు సగం లోహంలోకి దిగుతుంది, సగం పైకి పెరుగుతుంది. 20 మైక్రాన్ల పొర వేస్తే బోరు గోడ ప్రతి పక్కా 10 మైక్రాన్లు లోపలికి వచ్చి వ్యాసం 20 తగ్గుతుంది. మన హౌసింగ్ బోరుకున్న వెసులుబాటు మొత్తం 25. అందువల్ల బోరును మూసి పూత వేయాలి, లేదా ఆ మేరకు పెద్దగా కోయాలి. ఏది చేసినా అది ప్రోగ్రాం రాయకముందే తేల్చాల్సిన సంగతి.

కొలతను ముందే ఊహించడం

తెలివైన ప్రాసెస్ ఇంజనీర్లు డ్రాయింగు చేతికి రాగానే చివరి మెట్టు నుంచి ఆలోచిస్తారు. ఈ కొలత సరిగా వచ్చిందని ఎలా చూపిస్తాం? టాలరెన్స్‌లో పదో వంతు దాకా నమ్మదగ్గ సాధనం కావాలన్నది పాత వాడుక. 25 మైక్రాన్ల బోరుకు అది రెండున్నర మైక్రాన్లు. 20 మైక్రాన్ల లఘుతమ కొలత ఉన్న వెర్నియర్ ఆ పనికి రాదు. సెట్టింగ్ రింగుతో సరిచూసుకున్న బోర్ గేజ్ కావాలి, లేదా గో, నో-గో ప్లగ్ గేజ్. స్థాన టాలరెన్స్, సమాంతరత లాంటివి ఎక్కువగా ఉంటే సీఎంఎం, అంటే బిందువుల నిరూపకాలను కొలిచే యంత్రం.

కొలతలన్నిటికీ ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. ఎండాకాలంలో ఏసీ లేని షెడ్డులో 35 డిగ్రీల దగ్గర ఆ అల్యూమినియం బోరు 16 మైక్రాన్లు పెరిగి ఉంటుంది. అంటే ఉన్న టాలరెన్స్‌లో మూడింట రెండు వంతులు. అయితే పక్కనే ఉన్న ఉక్కు సెట్టింగ్ రింగు కూడా అంతే వేడెక్కి 8 మైక్రాన్లు పెరుగుతుంది కాబట్టి బోర్ గేజ్ చూపే తప్పు మిగతా 8 మాత్రమే. జాబూ రింగూ రెండూ ఉక్కువే అయితే తప్పు దాదాపు మాయమవుతుంది. ఈ చిన్న లెక్క తెలిసిన షాపు ఏసీ గది లేకుండానే చాలా ఉక్కు పనులు నమ్మకంగా చేస్తుంది. తెలియని షాపు కోత ముగిసిన వెంటనే, కూలెంట్ ఆరకముందే వేడి జాబును కొలిచి, ఆఫ్‌సెట్ మార్చి, మరుసటి జాబును పాడుచేస్తుంది.

మొదటి భాగాన్ని పూర్తిగా కొలిచి, అది ఒప్పుకున్నాకే మిగతావి కోయడం అన్ని చోట్లా ఉన్న పద్ధతి. విమాన పరిశ్రమలో ఏఎస్9102 ప్రమాణం ప్రకారం డ్రాయింగులోని ప్రతి కొలతకూ నంబరు వేసి, వచ్చిన అంకె రాసి, పదార్థం టెస్ట్ సర్టిఫికెట్‌తో కలిపి ఇవ్వాలి. ఆ కాగితాలకు పట్టే సమయాన్ని కొటేషన్‌లో వేసుకోని కొత్త షాపులు మొదటి ఆర్డరులోనే నష్టపోతాయి.

సంఖ్యను బట్టి ధర

ప్రోగ్రాం, ఫిక్స్‌చర్, సెట్టింగ్ కలిపి నాలుగు గంటలు, కోత పన్నెండు నిమిషాలు పట్టే భాగాన్ని తీసుకుంటే, ఐదు భాగాల ఆర్డరులో ఒక్కోదాని మీద పడేది గంట. రెండు వందల ఆర్డరులో పదమూడు నిమిషాలు చిల్లర. ఐదు భాగాల్లో కోతను రెండు నిమిషాలు తగ్గించడానికి కష్టపడటం కంటే ఒక సెట్టింగ్ తగ్గించడం మేలు. ఐదక్షాల యంత్రం ఖరీదైనదైనా చిన్న ఆర్డర్లకు తరచుగా చౌక పడేది ఇందుకే. అక్కడ ఐదు అక్షాలూ ఒకేసారి కదలాల్సిన టర్బైన్ రెక్కల పని తక్కువ. జాబును కోరిన కోణానికి తిప్పి నిలిపి, మామూలు మూడక్షాల కోత కోయడమే ఎక్కువ. సన్నగా పొడవుగా ఉండే పిన్నులకు గడియారాల పరిశ్రమ కోసం స్విట్జర్లాండ్‌లో పుట్టిన స్లైడింగ్ హెడ్ లేత్ ఉంది. బరువైన ఆకారంలో ఎక్కువ భాగం పొట్టుగా పోతుంటే, ముందు పోత పోసి ముఖ్యమైన ముఖాలనే మెషీనింగ్ చేయడం గురించి ఆలోచించాలి.

తెలుగు నేల మీద

హైదరాబాద్‌లో ఈ పనికి లోతైన వేళ్లున్నాయి. సికింద్రాబాద్‌లో 1943లో మొదలైన ప్రాగా టూల్స్ యంత్ర పరికరాలు చేసింది. బాలానగర్‌లో 1968లో, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సాయంతో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, మన ఊళ్ల షాపుల్లో పనిచేసే టూల్ డిజైనర్లలో చాలామందికి చదువుల బడి. చుట్టూ రక్షణ, అణు, అంతరిక్ష సంస్థలు ఉండటంతో బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షాపులకు తక్కువ సంఖ్యలో కష్టమైన భాగాలు చేసే అలవాటు పడింది. 1970లో మొదలైన ఎంటార్ సంస్థ ఇస్రో వికాస్ ఇంజన్ భాగాలూ, అణు రియాక్టర్ల పరికరాలూ చేసే స్థాయికి వచ్చింది. వాటికి కావలసిన ప్రత్యేక ఉక్కులు, టైటానియం మిశ్రమాలు అదే నగరంలోని మిధానిలో తయారవుతాయి.

విజయవాడ ఆటోనగర్ లాంటి మరమ్మతు కేంద్రాల్లో లేత్ షాపులకు వచ్చే పని వేరే రకం. అక్కడ డ్రాయింగు ఉండదు, అరిగిన పాత భాగాన్ని బల్ల మీద పెట్టి ఇలాంటిదే కావాలంటారు. పాత భాగాన్ని యథాతథంగా కొలిచి చేస్తే అరుగుదలను కూడా నకలు తీసినట్టే. అనుభవమున్న మేస్త్రీ అరగని అంచు దగ్గర వ్యాసం చూస్తాడు, బేరింగు నంబరు చదివి క్యాటలాగు కొలత తీసుకుంటాడు, వీలైతే ఎదుటి భాగాన్ని తెప్పించి కొలుస్తాడు. 46.9 అని మైక్రోమీటరు చెప్పినా, అక్కడ కూర్చునేది 6204 అని తెలిసిన చోట 47కు ఏ ఫిట్ ఇవ్వాలో అప్పుడు నిర్ణయిస్తాడు. ఆ కొలతలను ఒక కాగితం మీద గీసి, లోహం పేరూ, ఇచ్చిన ఫిట్టూ రాసి దాచిన షాపుకు అదే లారీ రెండేళ్ల తర్వాత మళ్లీ వస్తే, పని సగం నుంచి మొదలవుతుంది. సీఎన్‌సీ షాపుల్లో ఆ కాగితం పాత్రను ప్రాసెస్ షీటు, టూల్ లిస్టు, ప్రోగ్రాం నంబరు, ఫిక్స్‌చర్ ఫొటో కలిసి పోషిస్తాయి. డ్రాయింగు రివిజన్ నంబరు వాటన్నిటి మీదా ఉండాలి. కస్టమర్ ఒక్క రంధ్రం జరిపి కొత్త రివిజన్ పంపినప్పుడు, పాత ప్రోగ్రాం యంత్రంలోనే మిగిలిపోయి నడవడం వల్ల తిరిగొచ్చే భాగాలు, కోతలో తప్పు జరిగి తిరిగొచ్చేవాటికేమీ తీసిపోవు.